నేల బలం నీళ్ళపాలు

పత్తి చేలో కలుపు తీసేది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్ళమే. నడుం వంచి, ఒక్కో మొక్క మొదట్లోకి చూస్తూ ముందుకు పోతాం. అందుకే మొక్కకు ఏ తేడా వచ్చినా ముందుగా మన కంటికే కనిపిస్తుంది.

పైరు వేసి రెండు నెలలైంది అనుకోండి. కింది ఆకులు ఎర్రబడుతున్నాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఈనెకూ ఈనెకూ నడుమ ఎరుపు తిరిగింది. ఇంటికొచ్చి చెబుతాం. "పురుగు పట్టినట్టుంది" అంటారు ఇంట్లోవాళ్ళు. మందుల దుకాణానికి పోతారు. అప్పు పెట్టి ఒక సీసా తెస్తారు, కొడతారు. ఎరుపు తగ్గదు. ఇంకో సీసా తెస్తారు. ఎరుపు అలాగే ఉంటుంది. అప్పు మాత్రం పెరుగుతుంది.

ఆకులో పురుగే లేకపోతే పురుగుమందు ఏం చేస్తుంది? ఆ ఆకుకు జబ్బు చేయలేదు. ఆకలి వేసింది. దానికి కావలసిన తిండి నేలలో చాలడం లేదు. ఆ తిండి పేరు మెగ్నీషియం.

పేరు కొత్తగా ఉన్నా పలకడం కష్టం కాదు. మె-గ్నీ-షి-యం. ఇది ఏమిటి, నేలలో నుంచి ఎటు పోతుంది, దాన్ని ఎలా నిలుపుకోవాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆకు ఎందుకు పచ్చగా ఉంటుంది?

ఆకులో పచ్చటి పదార్థం ఒకటి ఉంది. దాన్ని పత్రహరితం అంటారు. ఎండను పట్టుకుని మొక్కకు తిండి వండేది అదే. ఆ పత్రహరితం నడిబొడ్డున మెగ్నీషియం ఉంటుంది. మెగ్నీషియం లేకపోతే పత్రహరితం తయారు కాదు.

నేలలో మెగ్నీషియం చాలకపోతే మొక్క ఏం చేస్తుంది? ముదురు ఆకుల్లో ఉన్నదాన్ని తీసి లేత చిగుళ్ళకు పంపుతుంది. తల్లి తన ముద్ద పిల్లకు పెట్టినట్టే. అందుకే ముందుగా కింది ఆకులు రంగు మారతాయి. పై ఆకులు కొన్నాళ్ళు పచ్చగానే ఉంటాయి.

మెగ్నీషియం మనకూ కావాలి. మన ఎముకలకు, కండరాలకు అది అవసరం. ఆకుకూరలు, రాగులు, పప్పులు, నువ్వులు తింటే మనకు అందుతుంది. వాటికి ఎక్కడినుంచి వస్తుంది? నేలలో నుంచే.

బియ్యం కడిగిన నీళ్ళు

బియ్యం ఒకసారి కడుగుతాం. నీళ్ళు తెల్లగా వస్తాయి. ఆ నీళ్ళు కుడితి తొట్టిలో పోస్తాం. గేదె ఇష్టంగా తాగుతుంది. ఎందుకు? బియ్యంలోని బలం కొంత ఆ నీళ్ళలోకి దిగింది గనుక. నాలుగుసార్లు కడిగితే ఇంకా దిగుతుంది.

నేలకూ ఇదే జరుగుతుంది. వాన కురుస్తుంది. నీళ్ళు కొన్ని పైనే పారిపోతాయి. కొన్ని మట్టిలోకి ఇంకుతాయి. ఇంకే నీళ్ళు మట్టి సందుల్లో నుంచి కిందికి దిగుతూ, కరిగే లవణాలను వెంట తీసుకుపోతాయి. మొక్క వేరు అందుకోలేనంత లోతుకు దింపుతాయి. మట్టి ఉన్నచోటే ఉంటుంది. దాని బలం మాత్రం జారిపోతుంది. పై మట్టి కొట్టుకుపోతే గండి పడుతుంది, కంటికి కనిపిస్తుంది. లోపలి బలం కడుక్కుపోతే కనిపించదు. అందుకే మనం గమనించం.

రేగడి నేల, ఇసుక నేల

అన్ని నేలలూ ఒకేలా కడుక్కుపోవు. నల్లరేగడిలో మట్టి కణాలు చాలా సన్నవి. వాటికి లవణాలను పట్టుకునే గుణం ఉంది. మనం పైసలు కొంగున ముడి వేసుకున్నట్టు, రేగడి మట్టి మెగ్నీషియాన్ని ముడి వేసుకుంటుంది. మొక్క అడిగినప్పుడు కొంచెం కొంచెంగా విప్పి ఇస్తుంది.

ఇసుక నేలకు, ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర చలకకు ఆ పట్టు తక్కువ. వాటిలో బంక మట్టి తక్కువ గనుక నీళ్ళు గబగబా దిగిపోతాయి. దాచుకునే చోటూ తక్కువే.

మీరే చేసి చూడండి. అడుగున చిల్లి పడిన రెండు పాత కుండలు తీసుకోండి. చిల్లి మీద గుడ్డ ముక్క వేయండి. ఒక కుండలో ఏటి ఇసుక నింపండి. ఇంకోదాంట్లో పొడిచేసిన రేగడి మట్టి నింపండి. పేడను నీళ్ళలో కలిపి వడకట్టి, ఆ నీళ్ళు రెండు కుండల్లోనూ మెల్లగా పోయండి. ఇసుక కుండలోంచి నీళ్ళు తొందరగా, రంగుతో దిగుతాయి. రేగడి కుండలోంచి చాలా ఆలస్యంగా, రంగు తేలిపోయి దిగుతాయి. రంగును పట్టి ఉంచింది మట్టే. పశువుల ఎరువు బాగా చివికి మట్టిలో కలిస్తే, అది కూడా రేగడిలాగే లవణాలను పట్టుకుంటుంది. చలక నేలకు పశువుల ఎరువు తోలమనేది ఇందుకే.

ముడి ఎందుకు వీడుతుంది?

మట్టి పట్టుకున్న మెగ్నీషియం ఎందుకు వదిలిపోతుంది? మూడు కారణాలు తెలుసుకుందాం.

ఒకటి, యూరియా. యూరియా వేశాక అది నేలలో మారి నైట్రేటు అవుతుంది. వేర్లు నైట్రేటును తాగితే మంచిదే. ఒకేసారి ఎక్కువ వేసి, వెంటనే పెద్ద వాన పడితే, వేర్లు తాగలేని నైట్రేటు నీళ్ళతో కిందికి పోతుంది. అది ఒంటరిగా పోదు. సున్నం, మెగ్నీషియం లాంటివాటిని తోడు తీసుకుపోతుంది.

రెండు, పొటాషు ఎక్కువ కావడం. బస్సులో సీట్లు కొన్నే ఉంటాయి. ఒక గుంపు ఎక్కి అన్నిట్లో కూర్చుంటే ముందు కూర్చున్నవాళ్ళు లేవాల్సి వస్తుంది. మట్టి కణాల మీద చోటు కూడా అంతే. పొటాషు అతిగా వేస్తే మెగ్నీషియానికి చోటు తగ్గుతుంది. మొక్క వేరు కూడా పొటాషునే ఎక్కువగా తీసుకుంటుంది. పొటాషు చెడ్డదని కాదు. కొలత తప్పితేనే చేటు.

మూడు, నేల పులుపెక్కడం. వానలు ఎక్కువ పడే కొండ ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి సున్నం, మెగ్నీషియం కడుక్కుపోయి నేలకు పులుపు గుణం వస్తుంది. పులుపు పెరిగినకొద్దీ మిగిలిన మెగ్నీషియం కూడా తేలిగ్గా వదులుతుంది.

అడవి నేల

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఒకే వాన, ఒకే రకం మట్టి. అయినా ఆ నేల మీద మనం ఏం పెంచుతున్నామన్నదాన్ని బట్టి, ఎంత బలం పోతుందో మారుతుంది.

అడవిలో చెట్ల వేర్లు చాలా లోతుకు పోతాయి. కిందికి దిగిన లవణాలను మళ్ళీ పైకి లాగుతాయి. అవి ఆకుల్లోకి చేరతాయి. ఆకులు రాలుతాయి, కుళ్ళుతాయి, మట్టిలో కలుస్తాయి. మళ్ళీ వేర్లు తీసుకుంటాయి. బావిలో నీళ్ళు తోడి పాదుల్లో పోస్తే, మిగిలింది మళ్ళీ బావిలోకి ఊరినట్టు. బయటికి పోయేది తక్కువ.

చెట్లు కొట్టేస్తే ఏమవుతుంది? దీన్ని కొలిచి చూసినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ అనే రాష్ట్రంలో హబ్బర్డ్ బ్రూక్ అనే అడవి ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు 1965 చివరిలో ఒక చిన్న వాగు పరీవాహకంలోని చెట్లన్నీ కొట్టించారు. కొట్టిన చెట్లను అక్కడే వదిలేశారు. మళ్ళీ చిగురు రాకుండా మందు కొట్టారు. పక్కనే ఇంకో వాగు దగ్గర అడవిని ముట్టుకోకుండా ఉంచారు. రెండు వాగుల నీళ్ళనూ పరీక్షించారు. చెట్లు కొట్టిన చోట తర్వాతి రెండేళ్ళలో, వాగు నీళ్ళలో మెగ్నీషియం మునుపటికంటే సుమారు అయిదు రెట్లు అయింది. వాన ఎప్పటిలాగే కురిసింది. మట్టీ అదే. కానీ తాగే వేర్లు లేవు. నైట్రేటు పోయింది, దాని వెంట మెగ్నీషియం పోయింది. తర్వాత మందు కొట్టడం ఆపారు. చెట్లు మళ్ళీ మొలిచాయి. వాగులోకి పోయే బలం తగ్గింది.

పోడు, కాఫీ తోట

అది ఎక్కడో దూరదేశం. మన తూర్పు కనుమల మాటేమిటి? అక్కడ గిరిజనులు తరతరాలుగా పోడు చేశారు. కొండవాలున చెట్లు కొట్టి కాల్చి, ఆ బూడిదలో విత్తనం వేసేవారు. చెట్టు దాచుకున్న బలమంతా బూడిదలో ఉంటుంది. మొదటి ఏడాది పంట బాగా వస్తుంది. తర్వాత వానలు బూడిదను కడిగేస్తాయి. పంట తగ్గుతుంది. పూర్వం ఆ చోటు వదిలి చాలా ఏళ్ళు ముట్టుకునేవారు కాదు. ఆ ఏళ్ళలో చెట్లు పెరిగి నేలకు బలం తిరిగి తెచ్చేవి. ఆ విరామం తగ్గితే నేల కోలుకోదు. తప్పు పోడు చేసే మనిషిది కాదు. నేలకు విరామం దొరకకపోవడమే చేటు.

అరకు, పాడేరు వైపు కాఫీ తోటలు ఉన్నాయి. అక్కడ సిల్వర్ ఓక్ లాంటి చెట్ల నీడన కాఫీ పెంచుతారు. చెట్లకు మిరియాల తీగ పాకిస్తారు. పైన చెట్టు, నడుమ కాఫీ, నేలమీద రాలిన ఆకు. వాన దెబ్బ నేరుగా మట్టి మీద పడదు. ఏడాది పొడుగునా వేర్లు ఉంటాయి. పంట చేతికొస్తుంది. నేల కూడా అడవి పద్ధతికి దగ్గరగా ఉంటుంది.

చలక చేను

మెట్ట చేలో ఏం జరుగుతుంది? ఎండాకాలమంతా నేల బోసిగా ఉంటుంది. తొలకరి పడగానే ఎండిన మట్టి తడిసి, అందులోని చిన్న జీవులు మేలుకుంటాయి. కొద్ది రోజుల్లోనే నైట్రేటు తయారవుతుంది. అప్పటికి విత్తనం వేసి ఉండము, లేదా మొలకలు చిన్నవి. తాగే వేర్లు లేవు. తర్వాత వచ్చే పెద్ద వాన ఆ బలాన్ని కిందికి దింపేస్తుంది. అందుకే ఇసుక పాలు ఎక్కువున్న చలకలో, వానాధారంగా వేసిన పత్తిలో మెగ్నీషియం కొరత వచ్చే వీలు ఎక్కువ.

గడ్డి బీడు దీనికి ఎదురు. గడ్డి వేర్లు దట్టంగా, వలలాగా ఉంటాయి. నీళ్ళు దిగుతున్నా లవణాలను చాలావరకు పట్టేస్తాయి. గట్ల మీద గడ్డిని మొదలంటా చెక్కకండి. గట్టునూ కాపాడుతుంది, బలాన్నీ కాపాడుతుంది.

వరి మడి

వరి మడిలో ఎప్పుడూ నీళ్ళే. మరి బలమంతా కారిపోదా? రేగడి మడిలో దమ్ము చేస్తాం. దమ్ము చేస్తే అడుగున మట్టి బిగిసి గట్టి పొర ఏర్పడుతుంది. నీళ్ళు చాలా మెల్లగా దిగుతాయి. అందువల్ల నష్టం తక్కువ. ఇసుక నేలలో వరి వేస్తే అలా కాదు. పొద్దున పెట్టిన నీళ్ళు సాయంత్రానికి ఇంకిపోతాయి. మళ్ళీ పెడతాం. మళ్ళీ ఇంకుతాయి. బియ్యం పదిసార్లు కడిగినట్టే.

గడ్డి సంగతి కూడా చూడాలి. వరిగడ్డిలో మెగ్నీషియం ఉంటుంది. గడ్డి పశువు తిని, పేడ తిరిగి పొలానికి వస్తే బలం ఇల్లు దాటదు. గడ్డి అమ్మేస్తే బలం కూడా బండెక్కి పోతుంది. పొలంలోనే కాలిస్తే బూడిద గాలికీ వానకూ పోతుంది.

పోయిన బలం ఎక్కడికి చేరింది?

కొన్ని ఊళ్ళలో బోరు నీళ్ళతో సబ్బు నురగ రాదు. కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్ళలో సున్నం, మెగ్నీషియం ఎక్కువగా కరిగి ఉన్నాయన్నమాట. వీటిని కఠిన జలం అంటారు. నేలలోకి దిగిన నీళ్ళు మట్టిలో నుంచీ, లోపలి రాళ్ళలో నుంచీ వాటిని కరిగించుకుని అక్కడికి చేరతాయి. అలాంటి బోరు నీళ్ళు పారించే పొలానికి మెగ్నీషియం కొంత తిరిగి వస్తుంది. వాననే నమ్ముకున్న చలకకు ఆ దారి లేదు.

ఇక పైన పారిన నీళ్ళు సన్న మట్టిని మోసుకుపోయి చెరువులో వదులుతాయి. చెరువు అడుగున ఉండే ఒండ్రు మన పొలాల మట్టే. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీసినప్పుడు, రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. చలకలో చెరువు మట్టి వేస్తే, నీటినీ లవణాలనూ పట్టుకునే శక్తి నేలకు పెరుగుతుంది.

పురుగా? ఆకలా?

ఎర్రబడిన ప్రతి ఆకూ మెగ్నీషియం కొరత కాదు. ఇలా పోల్చి చూడండి.

ఆకు అంచులు పసుపై, తర్వాత ఎర్రబడి, కిందికి ముడుచుకున్నాయా? ఆకు తిప్పి చూడండి. కింద సన్నటి పచ్చ పురుగులు అడ్డంగా నడుస్తుంటే అది పచ్చదోమ.

కింది ముదురు ఆకులు మాత్రమే ఎర్రబడ్డాయా? ఈనెలు పచ్చగా ఉండి, నడుమ ఎరుపు ఉందా? ఆకు కింద పురుగు లేదా? అయితే మెగ్నీషియం కొరత కావచ్చు.

పంట చివరికొచ్చి ముదిరిన ఆకులు ఎర్రబడ్డాయా? అది వయసు వల్ల కావచ్చు. అప్పుడు ఏ మందు కొట్టినా డబ్బు దండగే.

అనుమానం తీరకపోతే ఆకులు కోసుకుని వ్యవసాయ అధికారికి చూపించండి. మగవాళ్ళే పోవాలని లేదు. ముందు చూసింది మీరు, మీరే చెప్పండి.

మనం ఏం చేయాలి?

పత్తిలో మెగ్నీషియం కొరత అని తేలితే, లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి కొట్టాలి. అంటే 10 లీటర్లకు 100 గ్రాములు. విత్తిన 45 రోజులకు ఒకసారి, 75 రోజులకు ఒకసారి కొట్టమని చెబుతారు. వేరే మందులతో కలిపే ముందు అధికారిని అడగండి.

పిచికారీ ఈ ఏటి పంటకే. నేలను కాపాడాలంటే ఈ పనులు చేయాలి.

యూరియా ఒకేసారి గుమ్మరించకండి. రెండు మూడు దఫాలుగా వేయండి. పెద్ద వాన వచ్చేలా ఉంటే ఆగండి.

నేలను బోసిగా ఉంచకండి. వీలున్నచోట జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి, పూతకు రాగానే కలియదున్నండి.

పత్తిలో, వేరుశెనగలో కంది సాళ్ళు వేయండి. కంది వేరు లోతుకు పోతుంది. దాని ఆకు రాలి నేలను పోషిస్తుంది.

వాలుకు అడ్డంగా దున్నండి. గట్లమీద చెట్లు పెంచండి. చెత్త కాల్చకుండా ఎరువు గుంటలో వేయండి.

పులుపెక్కిన నేల అని పరీక్షలో తేలితే డోలమైటు వేయమంటారు. అది ఒక రకం సున్నపురాయి పొడి. అందులో మెగ్నీషియం కూడా ఉంటుంది.

మట్టి పరీక్ష చేయించండి. చేలో ఎనిమిది పది చోట్ల అరడుగు లోతు గుంట తీసి, పక్కల నుంచి మట్టి గీరండి. అంతా కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో పంపండి. ఒక మాట గుర్తుంచుకోండి. 2015లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన భూసార ఆరోగ్య కార్డు 12 అంశాలకు ఉద్దేశించింది. ఆ పన్నెండులో మెగ్నీషియం లేదు. మీ కార్డు చేతికి రాగానే చదివి చూడండి. నత్రజని ఉంటుంది, భాస్వరం ఉంటుంది, పొటాష్ ఉంటుంది, జింకు ఉంటుంది. మెగ్నీషియం కనిపించకపోతే నేలలో అది చాలినంత ఉన్నట్టు కాదు. పరీక్ష చేయనట్టు. విడిగా చేస్తారా అని అడగండి.

దుకాణంలో సంచి చేతికిచ్చినప్పుడు కూడా చదవండి. సంచి మీద 'మెగ్నీషియం సల్ఫేటు' అని ఉందా? బరువు ఎంత? ధర ఎంత? మనం అడిగింది ఇచ్చారా, వేరేది అంటగట్టారా? ఇంతకుముందు ఇంకొకరిని అడగాల్సి వచ్చేది. ఇప్పుడు మనమే చదువుకోగలం. చదివిన తర్వాతే డబ్బు ఇద్దాం.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్ళో ఏయే రకాల నేలలు ఉన్నాయి? ఏ నేలలో నీళ్ళు తొందరగా ఇంకుతాయి?

2. బియ్యం కడిగిన నీళ్ళకూ, నేలలోకి దిగే వాననీటికీ పోలిక ఏమిటి?

3. అడవి కొట్టేస్తే వాగు నీళ్ళలో మెగ్నీషియం ఎందుకు పెరిగింది?

4. మీ చేలో పత్తి ఆకు ఎర్రబడితే ముందుగా ఏం చూస్తారు? ఎవరితో చెబుతారు?

5. ఎండాకాలంలో మీ ఊరి చెరువు మట్టి ఎవరి పొలాలకు పోతోంది? మీ పొలానికి రావాలంటే ఏం చేయాలి?